పేరు కొట్టించిన సిగరెట్ కార్డు

మాది మార్కాపురం, పలకల ఊరు. ఇక్కడ ఎంత పెద్ద తప్పు రాసినా భయం లేదు. కాస్త ఉమ్మి తడి చేసి మోచేత్తో తుడిస్తే పలక మళ్లీ నల్లగా నవ్వుతుంది. అలాంటి ఊళ్లో పుట్టి, తుడిచే వీలే లేని తప్పు చేసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. చేసి ఊరుకోలేదు, దానికి లామినేషన్ కూడా చేయించాను. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పటినుంచే మొదలుపెట్టుకోవచ్చు, నేనేమీ అనుకోను. ఇంతకాలానికి అలవాటైపోయింది.

పన్నెండేళ్ల కిందటి మాట. నాకు ఇరవై నాలుగేళ్లు. బీకాం పాసై, మా మేనమామ సుబ్బరాయుడి పలకల ఫ్యాక్టరీలో ఆఫీసు పని చూసేవాణ్ణి. ఆఫీసు పనంటే ఇంగ్లీషులో ఈమెయిళ్లు రాయడం. మామకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చని మామకు నమ్మకం. ఆ నమ్మకం మీదే నా ఉద్యోగం నడిచేది.

మా రాయి పిల్లల పలకలకే కాదు, ఇళ్ల కప్పులకు కూడా పనికొస్తుంది. జర్మనీలో పెంకుల బదులు ఈ నల్లరాతి బిళ్లలే పరుస్తారట. వాటిని చూసి కొనుక్కుపోవడానికి ఒక పెద్దాయన రెండేళ్లకోసారి మా ఫ్యాక్టరీకి వచ్చేవాడు. పేరు వాల్టర్. డెబ్బై దాటాయి. చేత్తో రాయిని తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మోగితేనే బాగుందనేవాడు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని 'జర్మనీ తాత' అనేవాళ్లు. అది తన ఇంటిపేరేమో అనుకున్నట్టు ఆయన కూడా పిలవగానే పలికేవాడు.

ఒకసారి వచ్చినప్పుడు తాత నా చేతిలో మూడు బుల్లి కార్డులు పెట్టాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి. ఒకదాని మీద పరుగెత్తేవాడు, ఒకదాని మీద గుండు విసిరేవాడు, ఇంకోదాని మీద నీళ్లలోకి దూకుతున్న అమ్మాయి. యుద్ధానికి ముందు రోజుల్లో వాళ్ల దేశంలో సిగరెట్ పెట్టె కొంటే లోపల ఇలాంటి ఆటగాళ్ల బొమ్మ ఒకటి ఉండేదట. వెనక నంబరు, నాలుగు ముక్కల సమాచారం. నంబర్లన్నీ కూడబెట్టి ఆల్బంలో అంటించుకోవాలి. మనం మాత్రం చిన్నప్పుడు బబుల్‌గమ్ కాగితాల్లో క్రికెటర్ల బొమ్మల కోసం పళ్లు పుచ్చేదాకా నమల్లేదా? అదే జబ్బు. వాళ్లకు సిగరెట్లతో అంటుకుంది, అంతే తేడా.

"నా దగ్గర ఆ ఆల్బం మొత్తం ఉంది. ఒక్క నంబరు తప్ప. తొంభై నాలుగు" అన్నాడు తాత.

"అదేమంత గొప్ప నంబరు?" అన్నాను.

"అందులో ఎత్తు దూకుతున్న అమ్మాయి ఉంటుంది. ఆమె మా అమ్మ."

తాతకు ఐదేళ్ల వయసులో యుద్ధంలో ఇల్లు కాలిపోయిందట. ఫోటోలు, ఉత్తరాలు అన్నీ బూడిదయ్యాయి. తరువాతి ఏడే తల్లి కూడా పోయింది. ఆమె మొహం ఆయనకు సరిగా గుర్తు లేదు. నలభై ఏళ్లుగా ఆ ఒక్క కార్డు కోసం సంతలన్నీ తిరుగుతున్నాడు.

ఆ రోజునుంచి నాకూ ఆ పిచ్చి పట్టింది. ఆన్‌లైన్‌లో వెతికి, జీతంలోంచి పీకి, పాత కార్డుల కట్టలు తెప్పించడం మొదలుపెట్టాను. మొదటి పార్సిల్ నేను లేనప్పుడు ఇంటికొచ్చి, నేరుగా నాయన చేతిలో పడింది. నేను వెళ్లేసరికి నాయన అరుగు మీద దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా ఇది? పైన ఇంగ్లీషులో సిగరెట్లని రాసుంది. కూడబలుక్కుని చదివినాలే. మన సిగరెట్లు సరిపోలేదా నీకు, జర్మనీ నుంచి తెప్పించుకుంటాండావు?"

"సిగరెట్లు కాదు నాయనా, సిగరెట్ కార్డులు."

"కార్డేంది? రేషన్ కార్డు మాదిరి సిగరెట్లకు గూడా కార్డులిచ్చినారా ఆడ?"

విప్పి చూపించాను. నాయన ఒక్కో కార్డూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పొగాకు వాసన రాకపోయేసరికి కొంచెం నిరుత్సాహపడ్డట్టు కనిపించాడు. ఒక కుస్తీ వీరుడి దగ్గర ఆగాడు.

"ఈ గోచీ పెట్టుకున్నోడెవడు?"

"పెద్ద పహిల్వాను నాయనా, ఆ కాలంలో."

"మీ జేజినాయన గూడా ఇట్లనే ఉండె. ఊరికే చూసినాం. నువ్వు డబ్బులిచ్చి కొనుక్కుంటాండావు" అని కార్డు నా మీదికి గిరాటేశాడు.

అలా ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు యాభై కార్డుల కట్ట విప్పి చూస్తుంటే నంబరు తొంభై నాలుగు కనిపించింది. పొట్టి జుట్టు, పొడవాటి కాళ్లు, కర్ర మీదుగా గాల్లోకి లేచిన ఒక పిల్ల. ఆఫీసులో కుర్చీ మీదికెక్కి నేను కూడా ఎత్తు దూకాను. ఫ్యాను తగల్లేదు, అదృష్టం. వెంటనే ముందువైపు ఫోటో తీసి తాతకు పంపాను. ముందువైపు అన్న మాట గుర్తుపెట్టుకోండి, నా కొంప అక్కడే మునిగింది.

గంటలో జవాబొచ్చింది. "ఇది మా అమ్మే. పోస్టులో పంపకు. పదిహేను రోజుల్లో నేనే వస్తున్నాను. నీ చేతులతో తీసుకుంటాను."

సంగతి మామకు చెప్పాను. మామ సంతోషించి, ఒక ప్రశ్న అడిగాడు.

"పేరు కొట్టించినావా?"

ఇక్కడ మా మామ గురించి, ఆమాటకొస్తే మా అందరి గురించి, కాస్త చెప్పాలి. మా దగ్గర పెళ్లికి స్టీలు బిందె ఇచ్చినా, దాని మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టించకపోతే అది ఇచ్చినట్టు కాదు. పాత్రల కొట్టు ముందు ఆ మిషన్ జుర్రుమంటూ పేరు చెక్కుతుంటే, బిందె కొన్నప్పటికంటే ఎక్కువ ఆనందంతో నిలబడి చూస్తాం. గుడికి ట్యూబ్‌లైటు ఇస్తే, దాత పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం అన్నీ ఎర్ర రంగుతో దాని మీదే రాయిస్తాం. మిగిలిన సందులోంచి ఎంత వెలుతురొస్తే అంత. మా మామ రామాలయానికి ఫ్యాను ఇచ్చాడు. మూడు రెక్కల మీదా పేరు రాయించాడు. తీరా ఫ్యాను తిరిగితే పేరు కనిపించడం లేదు. అందుకని నడి వేసవిలో భజన జరుగుతుండగా లేచి స్విచ్ ఆపేసేవాడు. భక్తులు చెమటలు కక్కుతూ మా మామ పేరు చదువుకునేవాళ్లు.

"ఊరికే కార్డు చేతిలో పెడితే ఎవరిచ్చినారని గుర్తుంటది అల్లుడా? రేపు ఆయన ఇంట్లోవాళ్లు అడగరా?" అన్నాడు మామ.

ఇది మామ మీదికి తోసెయ్యడం అన్యాయం. ఆయన ఒక మాట అన్నాడు, అంతే. దాన్ని పట్టుకుని ఎక్కడికో పోయింది నేనే. కార్డు తిప్పి చూస్తే వెనక పాత జర్మన్ అచ్చు, దాని కింద కొంచెం ఖాళీ, ఆ ఖాళీలో పెన్సిల్ గీతలు. ఎవరో చిన్నపిల్లలు గీశారనుకున్నాను. వెనకవైపు మొత్తం నాకు ఖాళీ జాగా లాగే కనిపించింది. ఆ వయసులో ఎక్కడ ఖాళీ కనిపించినా అందులో మన మొహం ఉంటే బాగుంటుందనిపిస్తుంది.

తాత వచ్చే ముందురోజు పొద్దున మస్తాన్ జిరాక్స్ షాపుకు వెళ్లాను. మస్తాన్ నాకంటే రెండేళ్లు పెద్దవాడు. అయినా నన్ను అన్నా అనేవాడు. షాపుకొచ్చిన ప్రతివాళ్లూ అతనికి అన్నే. మార్కాపురంలో సగం జనం సర్టిఫికెట్లు అతని చేతిలో వేడెక్కి, గట్టిపడి, నిగనిగలాడుతూ బయటికొచ్చినవే. మనకు విలువైన కాగితం కనిపిస్తే ప్లాస్టిక్‌లో పెట్టి మూసేదాకా నిద్ర పట్టదు కదా.

"ఇదేంది అన్నా, సినిమా టికెట్టా?" అన్నాడు మస్తాన్.

"కాదప్పా, ఎనభై ఏళ్ల నాటి జర్మనీ కార్డు. నూరేళ్లు ఉండేట్టు లామినేషన్ చెయ్యి. వెనక నా ఫోటో అంటించు. ఫోటో కింద ఈ చీటీ."

ఫోటో అంటే మామూలు ఫోటో కాదు. స్టూడియోలో కోటు, టై వేసుకుని దిగింది. ఆ కోటు స్టూడియోవాళ్లదే. మా ఊళ్లో సగం మంది పెళ్లి సంబంధాలు ఆ ఒక్క కోటుతోనే కుదిరాయి. చీటీ మీద నేనే స్వయంగా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: 'ప్రేమతో బహూకరించినవారు: చెన్నకేశవులు, బి.కాం., మార్కాపురం, ప్రకాశం జిల్లా.' తెలుగులోనే. జర్మనీలో ఎవరు చదువుతారన్న ఆలోచన నాకు రాలేదు.

మస్తాన్ కార్డును అటూ ఇటూ తిప్పాడు. "అన్నా, వెనక పెన్సిల్‌తో ఏందో రాసుంది. చూసినావా?"

"పిల్లోళ్ల గీతలు. కప్పెయ్."

"ఒకసారి మిషన్లో పోతే మళ్లా తీయలేం. ఆలోచించుకో."

"నువ్వు కానీ బ్రదర్."

"బొక్క కొట్టమంటావా? మెళ్లో వేసుకోను తాడు గూడా వస్తది."

"వద్దు" అన్నాను. ఆ రోజు మొత్తంలో నేను తెలివిగా అన్న మాట అదొక్కటే.

అతను పనిలో ఉండగా నేను గోడకున్న అద్దంలో తల దువ్వుకున్నాను. జిగురు పూసి, నన్ను అంటించి, చీటీ అంటించి, మిషన్లో వేశాడు. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి చేతిలో పెట్టాడు. ఇటు తాత వాళ్లమ్మ, అటు నేను. వెచ్చగా ఉంది. అతను వెనకనుంచి ఏదో చెప్పబోతూ పిలుస్తున్నా వినిపించుకోకుండా ఫ్యాక్టరీకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం కంప్యూటర్ తెరిస్తే తాత ఈమెయిలు ఉంది. హైదరాబాదులో దిగి పంపాడు. మామ పక్కనే కూర్చుని, "చదువు, తెలుగులో చెప్పు" అన్నాడు.

"'బాబూ, ఒక సంగతి చెప్పడం మరిచాను. మా పిన్ని చనిపోయే ముందు చెప్పింది. ఆ రోజుల్లో కార్డు పట్టుకుని ఎవరైనా అడిగితే, మా అమ్మ వెనకవైపు పెన్సిల్‌తో ఏదో ఒక మాట రాసి సంతకం చేసేదట. ఒకసారి తిప్పి చూడు. గీతలేవైనా ఉంటే దయచేసి ముట్టుకోకు, చెరపకు. మా అమ్మ చేతిరాత నేను ఇంతవరకు ఒక్క ముక్క కూడా చూడలేదు.'"

చదవడం అయ్యింది. మామ నెమ్మదిగా అడిగాడు.

"గీతలుండెనా?"

"ఉండె."

"ఇప్పుడు ఆడేముంది?"

"నేను."

మామ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మస్తాన్‌కు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. షాపుకు పరుగెత్తితే తాళం. పక్క టీ కొట్టాయన చెప్పాడు, "మేనకోడలి పెళ్లని గిద్దలూరు పోయినాడు. రేపు వస్తాడు."

తిరిగొచ్చేసరికి మామ ఇస్త్రీ పెట్టె తెప్పించి సిద్ధంగా ఉన్నాడు. "వేడి పెడితే అతుక్కుంది గదా. మళ్లా వేడి పెడితే ఊడొస్తది." వినడానికి న్యాయంగానే ఉంది. అయినా ముందు ఇంకోదాని మీద చేసి చూద్దామన్నాను. మామ తన జేబులోంచి లామినేషన్ చేసిన, తన ఫోటో ఉన్న పాత క్లబ్బు కార్డు తీసి ఇచ్చాడు. పైన గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనించాం. తీసి చూస్తే కార్డు అప్పడంలా పొంగింది. లోపల మామ మీసం చెవి దాకా పాకింది.

"తీసెయ్ రా! తీసెయ్! ఆయమ్మకు మాత్రం పెట్టొద్దు!" అని అరిచాడు మామ.

ఇక మిగిలింది ఓబులేసు పెదనాయన. మా ఫ్యాక్టరీలో రాయి చీల్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. బండరాయి అంచున ఉలి పెట్టి, సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేస్తే, అది పుస్తకంలో పేజీలా పొరలుగా విడిపోతుంది. రాతినే చీల్చే చేతులకు ప్లాస్టిక్ ఎంత? కార్డు ఆయన చేతిలో పెట్టి, సంగతంతా చెప్పి, ఏడుపు గొంతుతో బతిమాలాను.

ఆయన దాన్ని ఎండకు పట్టి చూశాడు. గోటితో అంచు తడిమాడు. పద్ధతి ప్రకారం తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"నాయనా చెన్నకేశవా, రాయికి పొర ఉంటది. దీనికి ల్యాదు. నేను ఉలి పెడితే ఆయమ్మా పోతది, నువ్వూ పోతావు."

"నేను పోతే పోయినా పర్వాలేదు పెదనాయనా!"

"నువ్వు పోతే పర్వాలేదని మాకూ తెలుసులే. ఆయమ్మ సంగతే చూడాల గదా" అని కార్డు తిరిగిచ్చి పనిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున పదింటికి జర్మనీ తాత కారు దిగాడు. మామ శాలువా కప్పాడు. కొబ్బరినీళ్లు ఇచ్చాం. ఆయన వాటిని ముట్టుకోలేదు, రాళ్లవైపు చూడనైనా చూడలేదు. నేరుగా నా దగ్గరికొచ్చి చేయి చాపాడు.

బొమ్మవైపు పైకి పెట్టి కార్డు ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతటితో ఆపేస్తే బాగుండునని నేను మొక్కని దేవుడు లేడు. ఆయన మెల్లగా కార్డు తిప్పాడు.

కోటు, టై వేసుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ నేను.

తాత ఫోటోను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోటోను చూశాడు.

"ఎవరిది?"

"నేనే తాతా."

"అది తెలుస్తోంది. మా అమ్మ వెనక నువ్వేం చేస్తున్నావు?"

ఆ ప్రశ్నకు బీకాంలో జవాబు చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పేరు కొట్టించే అలవాటు, ట్యూబ్‌లైటు, పెన్సిల్ గీతలు, పిల్లలు గీశారనుకోవడం, అన్నీ. ఆయన బయటికి నడిచి, పేర్చి ఉన్న రాతి బిళ్లల మీద అటు తిరిగి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ వంగిన వీపు చూస్తుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నలభై ఏళ్లు వెతికిన మనిషి చేతికి తల్లి రాత అంది, మధ్యలో నా పళ్లు అడ్డొచ్చాయి.

అప్పుడే గేటు దగ్గర మోపెడ్ ఆగింది. మస్తాన్. పెళ్లి బట్టలు కూడా మార్చుకోలేదు, గుప్పున అత్తరు వాసన. చేతిలో ఒక కాగితం.

"అన్నా! ఇన్నిసార్లు చేసినావేంది? బస్సు దిగి ఫోను ఛార్జింగులో పెడితే ఇరవై మిస్డ్ కాల్సు. దీనికోసమేనా?"

"ఏంది అది?"

"నీ జిరాక్సే అన్నా. ఏ కాగితమైనా లామినేషన్‌కు ముందు రెండు పక్కలా జిరాక్స్ తీయకుండా మిషన్లో పెట్టం. మా నాయన కాలం నుంచి షాపులో అదే రూలు. నిన్న పిలుస్తానే ఉండా, నువ్వు క్రాఫు సవరించుకుంటా పోయినావు."

ఆ కాగితం లాక్కున్నాను. ఒక పక్క దూకుతున్న పిల్ల. ఇంకో పక్క జర్మన్ అచ్చు, కింద సన్నగా, బూడిదరంగులో, నేను గీతలనుకున్న రెండు వరుసల రాత. మస్తాన్‌ను అక్కడికక్కడే కావలించుకున్నాను. అత్తరు నాకూ అంటుకుంది.

తాత ముందు మోకాళ్ల మీద కూర్చుని కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన పెదాలు కదిలాయి. ఒకసారి చదివాడు, రెండోసారి వేలు పెట్టి చదివాడు. ఉన్నట్టుండి పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఏమని ఉంది తాతా?"

"'మడమ చూడండి, కర్రకు తగిలింది. వచ్చేసారి దాటుతాను.' కింద సంతకం."

అందరం కార్డు మీదికి వంగి చూశాం. నిజమే. గాల్లో ఉన్న ఆ పిల్ల మడమ కర్రను తాకుతోంది. కర్ర పడిపోబోతోంది. దేశమంతా సిగరెట్ పెట్టెల్లో పంచింది ఆమె దాటలేకపోయిన గెంతునే. అడిగినవాళ్లందరికీ ఆ సంగతి ఆమే రాసి ఇచ్చిందన్నమాట.

మామ దగ్గరికొచ్చి నా చెవిలో, "ఉత్త జిరాక్స్ యాడా చెల్లదురా. గెజిటెడ్ ఆఫీసర్‌తో సంతకం పెట్టించి ఇద్దామని చెప్పు, ఒక్క అరగంట" అన్నాడు. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు.

మస్తాన్ మాత్రం కాగితాన్ని ఆప్యాయంగా చూస్తూ, "జిరాక్స్ నలిగిపోతది తాతా. ఇట్లియ్యి, ఐదు నిమిషాల్లో లామినేషన్..." అన్నాడు.

"వద్దు!" అని ఫ్యాక్టరీ అంతా అరిచింది. తెలుగు రాని తాత అందరికంటే గట్టిగా అరిచాడు.

తాత కార్డునూ, కాగితాన్నీ రెంటినీ తీసుకెళ్లాడు. వాళ్ల ఊళ్లో పాత కాగితాలు బాగుచేసే ఒకావిడ ఉందట, ఆమెకు చూపిస్తానన్నాడు. పోతూ పోతూ మా పలక చట్రం ఒకటి అడిగి పట్టుకెళ్లాడు. మూడు నెలలు నేను దేవుడి పటం ముందు నిలబడ్డప్పుడల్లా ఆ బాగుచేసే ఆవిడ చేతులు చల్లగా ఉండాలని మొక్కుకున్నాను.

మూడో నెలలో ఈమెయిలు వచ్చింది. "ఆవిడ ప్రయత్నిస్తానంది, కానీ అమ్మ రాత కూడా నీ ఫోటోతో పాటు ఊడిరావచ్చంది. ఆలోచించి వద్దన్నాను. రాసింది చదివాను, అది చాలు. అసలు రాత నీ మొహం కింద భద్రంగా ఉంది, ఇక దాన్ని ఎవరూ చెరపలేరు. కార్డును మీ పలక చట్రంలో రెండు పక్కలా కనిపించేలా కిటికీ దగ్గర వేలాడదీశాం. గాలి వచ్చినప్పుడల్లా తిరుగుతుంది. మా మనవరాలు ఈయనెవరని అడిగింది. మన చుట్టమే, ముత్తవ్వకు కాపలా అని చెప్పాను. చీటీ మీద ఏం రాశావో మాత్రం ఎవరికీ అర్థం కావడం లేదు."

ఈమెయిలు వినిపిస్తే మామ మొహం వెలిగిపోయింది. "చూసినావా అల్లుడా! గాలికి తిరిగినా పేరు కనపడతాండాది!" అన్నాడు. ఆయనకు ఇప్పటికీ ఆ ఫ్యాను సంగతి బాధే.

నా మటుకు నేను ఆ రోజే ఊరి దేవుడు చెన్నకేశవస్వామి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఎవరికి ఏమిచ్చినా, గుండుసూది అయినా సరే, దాని మీద నా పేరు గానీ, ఫోటో గానీ, డిగ్రీ గానీ పెట్టను. ఈ ఒట్టు నేను మరిచిపోకుండా ఉండాలని, ఓబులేసు పెదనాయన చేత మేలైన రాతి బిళ్ల ఒకటి చీల్పించి, దాని మీద అక్షరం పొల్లు పోకుండా చెక్కించి, ఫ్యాక్టరీ గేటు పక్కన గోడకు బిగించాను. ఎప్పుడైనా మార్కాపురం వస్తే చూడండి. కింద పెద్దక్షరాలతో ఉంటుంది: చెన్నకేశవులు, బి.కాం.